రోజువారీ డేనిష్‌లో విరామం అడుగు విధానం

మానవ నాగరికతను నిప్పుతోనో చక్రంతోనో కొలిచినవాళ్ళు పొరబడ్డారు. ఒక జాతి ఎంత ఎదిగిందో తెలియాలంటే, అక్కడ పనిచేసే మనిషి కాసేపు కూర్చోవడానికి ఎవరిని అడగాలో చూడాలి. ఆ లెక్కన డెన్మార్క్ అందరికంటే ఎత్తున ఉంది. అక్కడ ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు. అడగనక్కరలేని ఆ సంగతిని ఎలా అడగాలో నేర్పడానికి మాత్రం ఒక కోర్సు ఉంది, కోర్సు చివర పరీక్ష ఉంది. (తప్పినవాళ్ళు పరీక్షకు మళ్ళీ కూర్చోవచ్చు. వాళ్ళు కూర్చునే అవకాశం అదొక్కటేనని గిట్టనివాళ్ళు అంటారు.)

వియోరికాకు ఇవేవీ తెలియవు. ఆమె రుమేనియా నుంచి కూతురు రుక్సాండ్రాను వెంటబెట్టుకుని డెన్మార్క్‌లోని ఫ్యూన్ ద్వీపానికి వచ్చి, ఓడెన్సె ఊరి బయట ఉన్న ఒక పూలమొక్కల కంపెనీలో చేరింది. మొగుడు లారీ తోలుతాడు. ఏ వారం ఏ దేశంలో ఉంటాడో లారీకే తెలియాలి. కంపెనీలో ఆమె పని తేలికైనదే. బెల్టు మీద కుండీలు వస్తుంటాయి. ఒక్కో కుండీనీ నలగకుండా ప్లాస్టిక్ సంచిలోకి దించి బండిలో పెట్టాలి. హయసింత్ పూలూ, క్రిస్మస్‌కని పెంచే ఎర్రాకుల మొక్కలూ ఊపిరి సలపకుండా వస్తుంటాయి. బెల్టు ఆగదు. ఆగకూడదని ఎవరూ అనలేదు, ఎందుకో అది ఆగదు, అంతే.

పూర్వం ఆ షెడ్డులో విరామానికి గంట కొట్టేవారట. గంట కొట్టి మనుషుల్ని లేపడం, కూర్చోబెట్టడం పశువుల కొట్టం పద్ధతి అని యాజమాన్యం సిగ్గుపడి తీసేసింది. దాని స్థానంలో గోడకు ఒక బోర్డు తగిలించింది. ‘బాధ్యతతో కూడిన స్వేచ్ఛ’ అని ఉంటుంది దాని మీద. ఎవరికి ఎప్పుడు అలుపు వస్తే అప్పుడు వాళ్ళే చెప్పి విరామం తీసుకోవచ్చని దాని భావం. వియోరికా తన ఊళ్ళో కుట్టుమిల్లులో పనిచేసిన మనిషి. అక్కడ గంట ఉండేది, మేస్త్రీ ఉండేవాడు, తిట్లు ఉండేవి. కూర్చోవడం కూడా ఉండేది. ఇక్కడ మొదటి మూడూ లేవు గనక నాలుగోది ఎలా వస్తుందో ఆమెకు అంతుపట్టలేదు.

మొదటి వారం చివర నడుము పట్టేసింది. లాకరులో రై రొట్టె, మీద రాసుకోవడానికి కాలేయం ముద్ద, రెండూ తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి. విరామాన్ని డేనిష్‌లో ‘పౌసె’ అంటారని ఫోనులో చూసుకుని, బెల్టు పెద్ద ప్రెబెన్ దగ్గరికి వెళ్ళి, నవ్వు మొహంతో తనకొక పౌసె కావాలని అడిగింది.

ఇక్కడ డేనిష్ భాష గురించి ఒక మాట. దాన్ని రాసేటప్పుడు అక్షరాలకు కరువుండదు. పలికేటప్పుడు మాత్రం వేడి గారె నోట్లో పెట్టుకున్నట్టు సగం మింగేస్తారు. మింగిన సగంలోనే అర్థం ఉంటుంది. ‘పౌసె’ అంటే విరామం. ‘పోసె’ అంటే సంచి. తేడా అంతా ఒక ఔత్వానికీ ఓత్వానికీ మధ్య ఉంది. వియోరికా నోట అది ఓత్వమై వచ్చింది.

ప్రెబెన్ చలించిపోయాడు. కుండీలకు సంచులు తొడిగే షెడ్డులో, చేరిన మొదటి వారంలోనే, ఒక మనిషి తనంతట తానుగా వచ్చి ఇంకో సంచి అడగడం అతను చూడలేదు. స్టోరుకు స్వయంగా వెళ్ళి ఒక కట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇదిగో. ఇంకా కావాలంటే అడుగు, మొహమాటపడకు,” అన్నాడు. (ఆ దేశంలో మీరు అనే మాట వాడుకలో లేదు. యజమానిని కూడా నువ్వు అనే పిలవాలి. తనకు అధికారమేమీ లేదని అందరికీ తెలియజేయడం అక్కడ అధికారి విధి.)

ఆమె మొహమాటపడలేదు. మర్నాడు అడిగింది, మరో కట్ట వచ్చింది. ఆ మర్నాడు ఇంకాస్త ఆర్తిగా అడిగింది, రెండు కట్టలు వచ్చాయి. బహుశా గట్టిగా చెప్పడం లేదేమోనని ఒక శుక్రవారం నాడు పొట్టలోంచి గాలి తీసి అడిగింది. ఆ ఊపులో మధ్యన ఒక ‘ల’ దొర్లింది. ‘పోల్సె’ అంటే సాసేజీ. ప్రెబెన్ గేటు దగ్గర నిలబడే బండికి వెళ్ళి, వేయించిన ఉల్లిపాయలు చల్లిన వేడి సాసేజీ రొట్టెలో పెట్టించి తెచ్చి, తన ఖాతాలోనే అన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. వియోరికా దాన్ని బెల్టు పక్కన నిలబడి, ఒక చేత్తో కుండీలు దించుతూ, మరో చేత్తో తింది. ఆ శరదృతువు మొత్తంలో విరామానికి ఆమె అంత దగ్గరగా వెళ్ళింది అప్పుడే.

నెలవారీ సమావేశంలో, కేకు కోశాక, ప్రెబెన్ లేచి ఆమెను పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెను ‘సంచుల బాధ్యురాలు’గా ప్రకటించి, మెడలో వేసుకునే పసుపుపచ్చ తాడొకటి ఇచ్చారు. ఒక్క ముక్కా అర్థం కాక వియోరికా అందరికీ తల వంచి కృతజ్ఞత చెప్పుకుంది. విరామం మంజూరైందనే అనుకుంది. మర్నాటినుంచి ఆమె బెల్టు పక్కన సంచుల గుట్ట భుజం ఎత్తు లేచింది.

ఆమె పక్కన బోదిల్ అని ఒక పెద్దావిడ పనిచేసేది. పుట్టుకతో అక్కడి మనిషి, కార్మిక సంఘం ప్రతినిధి కూడా. బోదిల్ ఉన్నట్టుండి మాయమయ్యేది, కాఫీ వాసనతో తిరిగొచ్చేది. ఎవరిని అడుగుతుందో, ఎప్పుడు అడుగుతుందో వియోరికా ఎంత కనిపెట్టుకుని చూసినా తెలియలేదు. ఆవిడ దగ్గర ఏదో సర్టిఫికెట్టు ఉండి ఉంటుందని నిర్ణయించుకుంది.

అసలు సంగతి బయటపడింది ఇంట్లో, వంటగదిలో. రుక్సాండ్రా ఆ రోజు బడి నుంచి గాల్లో తేలుతూ వచ్చింది. డిసెంబరులో లూసియా పండుగ ఊరేగింపుకు ఆ పిల్లనే లూసియాగా ఎంచారు. తెల్లగౌను వేసుకుని, తల మీద వెలిగే కొవ్వొత్తుల కిరీటం పెట్టుకుని, మిగతా పిల్లలందరికీ ముందు నడవాలి. ఊరేగింపు పదిగంటలకు. తల్లి తప్పకుండా రావాలి. వస్తానంది వియోరికా. పని మధ్యలో ఎలా వస్తావని పిల్ల అనుమానపడింది. ప్రెబెన్ చాలా మంచివాడనీ, రోజూ తను విరామం అడిగితే కాదనడనీ, ఎందుకో సంచులు మాత్రం ఇస్తుంటాడనీ తల్లి చెప్పింది.

రుక్సాండ్రా చెంచా కింద పెట్టింది. “ఏమని అడుగుతున్నావో ఓసారి అను.”

అంది.

“అమ్మా, నువ్వు అడుగుతున్నదే సంచి.”

“ఏం సంచి?”

“సంచే. కూరగాయలు వేసుకునే సంచి. మళ్ళీ అను, మెల్లగా.”

మళ్ళీ అంది.

“ఇప్పుడు సాసేజీ అడిగావు.”

వియోరికా కాసేపు పిల్ల మొహంలోకి చూసి, అలాగే కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టింది. సంచుల బాధ్యురాలి తాడు మెడలోనే ఉంది. దాన్ని చూసి పిల్ల కూడా మొదలుపెట్టింది. తల్లీకూతుళ్ళు ఇద్దరూ బల్ల మీద తలలు పెట్టి, ఒకరు ఆగితే ఒకరు సంచి అని గుర్తుచేస్తూ, సూపు చల్లారిపోయేదాకా నవ్వారు. ఆ తర్వాత రుక్సాండ్రా పాఠం చెప్పబోయింది. నోరు తెరవాలనీ, కానీ తెరిచినట్టు బయటికి కనపడకూడదనీ వివరించింది. తల్లి ప్రయత్నించింది. ‘ఇదేం మాటో నాకూ తెలీదు’ అని ఒప్పుకుంది పిల్ల.

అలా వియోరికా భాషా కేంద్రంలో చేరింది. కోర్సు పేరు ‘రోజువారీ డేనిష్‌లో విరామం అడుగుట, మొదటి దశ’. పంతులమ్మ ఇంగెలిసె సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ క్షమాపణ చెప్పబోతున్నట్టు ఉండేది. మొదటి రోజే ఆవిడ ఒక పెద్ద రహస్యం చెప్పింది. విరామం అడగడమంటే విరామం అడగడం కాదు. అలా అడిగితే ఎదుటివాడు ఇవ్వాల్సి వస్తుంది. ఇచ్చాడంటే అతను పైవాడని తేలుతుంది. ఈ దేశంలో పైవాళ్ళు లేరు. కాబట్టి ఒక మర్యాదస్థుణ్ణి అంత ఇబ్బందిలో పెట్టకూడదు. అలాగని చెప్పకుండా వెళ్ళిపోనూ కూడదు. అడగకుండా అడగాలి, చెప్పకుండా చెప్పాలి. దానికి ‘లీ’ అనే చిన్న ముక్క ఉంది.

లీ అంటే, ఇంచుమించు మన ‘ఊరికే’. అది లేకుండా వెళ్ళొస్తానంటే తిరుగుబాటు. ఒక లీ వేస్తే మర్యాద. రెండు లీలు వేస్తే ఒంట్లో బాగాలేదని అర్థం. మూడు వేస్తే మనిషి ఇక రాడని, అతని కుర్చీ వేరేవాళ్ళకు ఇచ్చేయవచ్చని భావిస్తారు. (నాలుగు లీలు వాడిన దాఖలా ఒకే ఒక్కటి ఉందనీ, అతను ప్రస్తుతం నార్వేలో క్షేమంగా ఉన్నాడనీ ఇంగెలిసె చెప్పింది.)

వారాల తరబడి సాధన చేశాక వాళ్ళకు పూర్తి వాక్యం ఇచ్చారు. ‘నేను ఊరికే అలా ఓ చిన్న విరామం తీసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదనుకుంటాను, కదా.’ ఆ కదా దగ్గర గొంతు కిందికి దిగాలి. పైకి లేస్తే ప్రశ్న అవుతుంది, ప్రశ్న అయితే జవాబు బాకీ పడుతుంది. వియోరికా ఆ వాక్యాన్ని సైకిలు తొక్కుతూ అంది, అంట్లు తోముతూ అంది. ఎర్రాకుల మొక్కలకు చెప్పింది. అవి అభ్యంతరం పెట్టలేదు. చివరికి ఒక రోజు ఔత్వం ఊడిపడకుండా నిలబడింది. రుక్సాండ్రా సోఫా మీద గెంతింది.

పరీక్ష రోజున మున్సిపాలిటీ తరఫున విరామ వ్యవహారాల సలహాదారు ఒకాయన వచ్చాడు. పరీక్ష ఉదయం మొదలై సాయంత్రం దాకా సాగింది. మధ్యలో విరామం లేదు. అడిగి తీసుకోవడమే పరీక్ష. చిలీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి వాక్యం చక్కగా చెప్పి, చెప్పిన వెంటనే లేచి బయటికి నడిచాడు. జవాబు కోసం ఆగలేదని ఆయన్ను తప్పించారు. ఆయన వెనక ఉన్న వియత్నాం అమ్మాయి అది చూసి, వాక్యం చెప్పి జవాబు కోసం ఆగింది. చొరవ చాలదని ఆమెనూ తప్పించారు. వియోరికా వాక్యం చెప్పి, సగం లేచి, ఆగాలా వెళ్ళాలా తేలక గాల్లో అలాగే వంగి ఉండిపోయింది. సలహాదారు కళ్ళు చెమర్చాయి. పుట్టుకతో ఇక్కడివాళ్ళయిన వారిలోనే ఇంత సహజత్వం అరుదని రాసి, ఆమెకు పూర్తి మార్కులు వేశాడు.

పండుగ ఉదయం వచ్చింది. క్రిస్మస్ ముందు రోజులు గనక బెల్టు పరుగులు తీస్తోంది. తొమ్మిదిన్నర అవుతుండగా వియోరికా చేతులు తుడుచుకుని, ప్రెబెన్ ముందు నిలబడి, వాక్యం మొత్తం చెప్పింది. ఔత్వం పలికింది. లీ ఒక్కటే పడింది. కదా దగ్గర గొంతు లిఫ్టులో దిగినట్టు దిగింది.

ప్రెబెన్ మొహం పాలిపోయింది. అంత స్పష్టమైన డేనిష్ అతను చివరిసారి విన్నది తన భార్య తరఫు విడాకుల లాయరు నోట. ఎంత నలిగిపోయి ఉంటే ఒక మనిషి ఇంత చక్కగా మాట్లాడుతుంది అనుకున్నాడు. ఒక్క నిమిషం అని చెప్పి, ఆ నిమిషంలో అత్యవసర సమావేశం పెట్టించాడు. ఉద్యోగుల శ్రేయస్సు సమన్వయకర్త అస్గర్ దిగివచ్చాడు. సంఘం ప్రతినిధిగా బోదిల్ వచ్చింది. ఫ్లాస్కు నిండా కాఫీ, పళ్ళెం నిండా దాల్చినచెక్క రొట్టెలు వచ్చాయి. తలుపు మూశారు. గోడ గడియారం వియోరికాకు సరిగ్గా ఎదురుగా ఉంది.

అస్గర్ చాలా మెత్తటి మనిషి. రెండు చేతులూ బల్ల మీద పరిచాడు.

“వియోరికా, ముందు ఒక మాట. ఇక్కడ నువ్వు ఎవర్నీ అడగక్కర్లేదు. అడగాల్సి వచ్చిందంటే తప్పు మాది.”

“అయితే వెళ్ళనా?”

“చూశావా, మళ్ళీ అడుగుతున్నావు. నీకెందుకలా అనిపిస్తోంది?”

ప్రెబెన్ బాధగా తల ఊపాడు. తను ఇన్నాళ్ళూ ఆమె ఏమడిగితే అది తెచ్చి ఇచ్చాననీ, ఇంకెక్కడ లోపం జరిగిందో అర్థం కావడం లేదనీ చెప్పుకున్నాడు. వియోరికా తన కూతురి బడి సంగతి చెప్పింది. పదిగంటలకని చెప్పింది. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. అది చాలా ముఖ్యమైన విషయమనీ, సరిగ్గా దాని గురించే మనమిప్పుడు కూర్చున్నామనీ అస్గర్ అన్నాడు. ఆమె విరామ అవసరాన్ని ఆమె కోణం నుంచి అర్థం చేసుకోవడానికి ఒక కార్యబృందం వేద్దామని ప్రతిపాదించాడు. బృందానికి పేరు ఏం పెట్టాలన్న దగ్గర చర్చ వేడెక్కింది.

బోదిల్ రెండో రొట్టె అందుకుంది. “నేనీ షెడ్డుకొచ్చి ముప్ఫయ్యేళ్ళు. ఒక్కసారీ అడగలేదు. వెళ్తానంతే,” అంది.

అస్గర్ గొంతు సవరించుకుని, ఆ మాట కార్యక్రమ నివేదికలోకి ఎక్కనక్కరలేదన్నాడు.

వియోరికా గడియారం వైపు చూసింది. కొవ్వొత్తుల కిరీటం జారకుండా పిల్ల నిన్న సాయంత్రమంతా నెత్తి మీద చిల్లుల గిన్నె పెట్టుకుని వంటగదిలో నడిచింది. రెండుసార్లు తలుపుకు గుద్దుకుంది. అయినా నవ్వలేదు, లూసియా నవ్వకూడదని బడిలో చెప్పారట. ఇప్పుడు ఆ పిల్ల వెలుగుతున్న నెత్తితో నడవలో నిలబడి ఉంటుంది.

ఆమె లేచింది. ఏమీ అనలేదు. ఒక్క లీ కూడా వెయ్యలేదు. తలుపు తీసింది. ఎవరో ఒకరు ఆపుతారని వీపు బిగబట్టుకుంది గానీ, లోపల అస్గర్ ‘కార్యబృందం’ మేలా ‘సంభాషణా వలయం’ మేలా అని అడుగుతున్న గొంతు మాత్రమే వినపడింది. షెడ్డు దాటింది, సైకిలెక్కింది. ఏప్రన్ అలాగే ఉంది. రోడ్డంతా మంచు పేరుకుని మెరుస్తోంది, చెవులు కోసుకుపోతున్నాయి. ఎందుకో పట్టరాని నవ్వు వచ్చింది ఆమెకు. మలుపులో సైకిలు కొంచెం జారింది. ‘పౌసె’ అని అరిచింది రోడ్డు మీదే. పొలంలో ఉన్న గుర్రమొకటి తలెత్తి చూసింది.

బడి హాల్లో తెరలు వేసి చీకటి చేశారు. ఆమె వెనక తలుపులోంచి దూరి గోడకు ఆనుకునేసరికే పాట మొదలైంది. చీకట్లోంచి ముందుగా వెలుగు వచ్చింది, దాని కింద రుక్సాండ్రా వచ్చింది. మెడ కర్రలా నిలబెట్టి, ఒక్కో అడుగూ నేలను అడిగి వేస్తున్నట్టు వేస్తూ నడిచింది. హాలు చివరికి వచ్చాక కళ్ళు మాత్రం తిప్పి వెతికింది. మట్టి మరకల ఏప్రన్‌తో, ఎర్రబడిన ముక్కుతో తల్లి కనపడింది. ఎంత ఆపుకున్నా పెదాలు ఆగలేదు. లూసియా నవ్వేసింది. మైనపు చుక్క ఒకటి చెవి మీద పడ్డా నవ్వుతూనే ఉంది. వియోరికా నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. నవ్వుకో ఏడుపుకో ఆమెకే తెలియలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం భయం పట్టుకుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చెప్పకుండా లేచిపోవడం ఏ దశ పాఠంలోనూ లేదు. సమావేశం గది తలుపు మెల్లగా తోసింది. ముగ్గురూ ఇంకా అక్కడే ఉన్నారు. రొట్టెలు అయిపోయాయి. ఆమె వెళ్ళడం ప్రెబెన్ గమనించాడో లేదో గానీ, ఆమె బుగ్గలు చూసి కుర్చీ జరిపి, కాఫీ వంపి ఇచ్చాడు.

“పిల్ల బాగా నడిచిందా?” అన్నాడు.

“నవ్వేసింది,” అంది వియోరికా.

“మా అమ్మాయీ నవ్వేసింది, ఆ వయసులో,” అన్నాడు ప్రెబెన్. ఆ మాట అంటున్నప్పుడు అతను బెల్టు పెద్దలా లేడు.

అస్గర్ తీర్మానం చదివి వినిపించాడు. వియోరికా కోరిన విరామం ఏకగ్రీవంగా ఆమోదించబడినది, తక్షణం తీసుకొనవచ్చును. ఆమె ఇప్పుడే తీసుకుని వచ్చానంది. ముగ్గురూ మొహామొహాలు చూసుకున్నారు. ఆమోదం రాకముందే, ఎవరికీ భారం కాకుండా, ఎవరికీ చెప్పకుండా తీసుకున్న విరామం. అస్గర్ లేచి నిలబడ్డాడు. వలస వచ్చిన మనిషి ఈ సమాజంలో ఇంత సంపూర్ణంగా కలిసిపోవడం తన ఉద్యోగ జీవితంలో చూడలేదన్నాడు.

కొత్త సంవత్సరంలో వియోరికా ఉద్యోగం ఖాయమైంది. కొత్తగా చేరిన ఉక్రెయిన్, బ్రెజిల్ వాళ్ళకు విరామం తీసుకోవడం నేర్పే బాధ్యత కూడా యాజమాన్యం ఆమెకే అప్పగించింది. పని వేళలు అందుకు వృథా చేయకూడదు, పని అయ్యాక అందరికీ సంసారాలు ఉంటాయి. అందరి మేలూ ఆలోచించి, తరగతిని మధ్యాహ్న భోజన విరామంలో పెట్టారు.